రహీం సాబ్ సిమ్యులేటర్

యూనివర్సిటీల్లో వ్యాయామ విద్యని కంప్యూటర్ సిమ్యులేషన్‌తో నేర్పాలంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే త్రీడీ బొమ్మలు, సెన్సర్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తొస్తారు.

అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వెళ్ళే దారిలో నిజాం కాలేజీ, దాని పక్కనే ఎల్బీ స్టేడియం. అటువైపు నాంపల్లి. ఆ స్టేడియాన్ని పాతరోజుల్లో ఫతే మైదాన్ అనేవాళ్ళు. హైదరాబాద్ ఫుట్‌బాల్ దేశాన్ని ఏలిన కాలం అది.

రహీం గారు ఉస్మానియాలో చదివిన బడిపంతులు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన నడిపిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది.

ఆయన పద్ధతి చూడండి. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు: బంతిని పాస్ చెయ్యక తప్పదు. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. అంటే ఒక్క పారామీటర్ మార్చి ఆటని మళ్ళీ రన్ చెయ్యడమే! సిమ్యులేషన్ అంటే ఇంతకన్నా ఏముంది?

మరి కంప్యూటర్ ఎందుకంటారా? షాట్‌పుట్ తీసుకోండి. 45 డిగ్రీల్లో విసిరితే ఎక్కువ దూరం పోతుందని ఇంటర్ ఫిజిక్స్ చెబుతుంది. కానీ గుండు బయల్దేరేది నేలమీంచి కాదు, భుజంపైనుంచి. పైగా కోణం పెరిగేకొద్దీ మనిషి ఇవ్వగల వేగం తగ్గుతుంది. అందుకే మేటి ఆటగాళ్ళు 45 కన్నా బాగా తక్కువ కోణంలో విసురుతారు. స్టూడెంట్ గ్రౌండ్‌లో వందసార్లు విసిరితే భుజం పోతుంది. తెరమీద వెయ్యిసార్లు విసరొచ్చు. కాకపోతే ఆ మోడల్‌లో మనిషి కండ సంగతి రాయకపోతే కంప్యూటర్ కూడా బుద్ధిగా 45కి దగ్గర్లోనే చెబుతుంది.

ఆ సంగతి తెలిసేది మైదానంలోనే. కాబట్టి నా మటుకు నాకు, సిమ్యులేషన్ ల్యాబ్ గ్రౌండ్ పక్కన ఉండాలి, గ్రౌండ్ బదులు కాదు. ల్యాబ్ ఉందిగా అని మైదానంలో బిల్డింగు లేపే కాలేజీ తయారుచేసేది వ్యాయామ ఉపాధ్యాయుల్ని కాదు, వీడియో గేమ్ ఆడేవాళ్ళని. రహీం గారికి కంప్యూటర్ లేకపోయినా పని నడిచింది. మైదానం లేకపోతే నడిచేదా?