ద్విభాషుల మెదడులో పదాల అర్థాలు

రెండు భాషలు వచ్చినవారి మెదడులో పదాల అర్థాలు ఉమ్మడిగా ఉంటాయా, ఏ భాషవి ఆ భాషకు విడిగా ఉంటాయా అన్నది భాషా మనోవిజ్ఞానంలో 70 ఏళ్లుగా చర్చలో ఉన్న ప్రశ్న. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు చేరువలో ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాలు ఈ పరిశోధనలో పాలుపంచుకున్నాయి.

తొలి ప్రతిపాదనలు

1953లో యూరియెల్ వైన్‌రైక్ మూడు పద్ధతులు ప్రతిపాదించాడు. మొదటిదానిలో ప్రతి పదానికీ సొంత అర్థం ఉంటుంది. రెండోదానిలో రెండు భాషల పదాలకూ ఒకటే అర్థం. మూడోదానిలో కొత్త భాష పదం మాతృభాష పదం మీదుగానే అర్థాన్ని చేరుతుంది. 1954లో సూసన్ ఎర్విన్, చార్లెస్ ఆస్‌గుడ్ ఈ తేడాను భాష నేర్చుకున్న తీరుతో ముడిపెట్టారు. వారి లెక్కన, ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు వింటూ పెరిగే ఫ్రీమాంట్ పిల్లల్లో అర్థాలు విడిగా ఏర్పడాలి. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు బట్టీపట్టినవారిలో కలిసిపోవాలి.

ప్రయోగశాల దశ

1984లో మేరీ పాటర్ బృందం బొమ్మ చూసి దాని పేరు రెండో భాషలో చెప్పడానికీ, మాతృభాష మాటను ఆ భాషలోకి అనువదించడానికీ పట్టే సమయాలను పోల్చింది. రెండూ దాదాపు సమానంగా ఉండటంతో అనువాదం కూడా అర్థం మీదుగానే సాగుతుందని తేల్చింది. 1992లో అనెట్ డి గ్రూట్ అర్థాన్ని చిన్న చిన్న లక్షణాల సమూహంగా చూపింది. ఆ లెక్కన ‘నీళ్లు’, ‘వాటర్’ దాదాపు పూర్తిగా కలుస్తాయి. ‘బావ’, ‘కజిన్’ కొంతమేరకే కలుస్తాయి. 1994లో జూడిత్ క్రోల్, ఎరికా స్టూవర్ట్ రెండో భాష నుంచి మాతృభాషలోకి మాట నేరుగా వెళ్తుందనీ, తిరుగు దారి అర్థం మీద ఎక్కువగా ఆధారపడుతుందనీ వాదించారు. ఈ నమూనాను 2010లో మార్క్ బ్రైస్‌బర్ట్, వౌటర్ డైక్ గట్టిగా విమర్శించారు.

మెదడు స్కానింగ్

1997లో కార్ల్ కిమ్ బృందం, రెండో భాషను పెద్దయ్యాక నేర్చినవారిలో మాట్లాడటంతో సంబంధమున్న బ్రోకా ప్రాంతంలో రెండు భాషలకూ వేర్వేరు చోట్లు కనిపించాయని ప్రకటించింది. అర్థగ్రహణతో సంబంధమున్న వెర్నికె ప్రాంతంలో మాత్రం అంత తేడా లేదు. 1999లో జూడీ ఇలెస్, స్టాన్‌ఫర్డ్ సహచరులు ఇంగ్లీషు, స్పానిష్ వచ్చినవారికి పదాలు చూపి, అవి కంటికి కనిపించే వస్తువుల పేర్లా, భావాల పేర్లా అని అడిగారు. రెండు భాషల్లోనూ మెదడు ముందు భాగంలో అవే ప్రాంతాలు స్పందించాయి.

సంకేత భాష

1860లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన కాలిఫోర్నియా బధిరుల పాఠశాల 1980లో బర్క్‌లీ నుంచి ఫ్రీమాంట్‌కు మారింది. అక్కడ అమెరికన్ సంకేత భాష, ఇంగ్లీషు రెండింటిలోనూ బోధన సాగుతుంది. ఇలాంటి ద్విభాషులపై 2011లో జిల్ మార్ఫర్డ్ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. అందులో రెండేసి ఇంగ్లీషు మాటలు చూపి, వాటి అర్థాలకు సంబంధం ఉందా అని అడిగారు. ఉదాహరణకు ‘మూవీ’, ‘పేపర్’ మాటలకు అర్థంలో పొత్తు లేదు. వాటి సంకేతాలు మాత్రం ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అలాంటి జంటలకు సంబంధం లేదని చెప్పడానికి బధిర పాఠకులకు ఎక్కువ సమయం పట్టింది. తెరపై ఇంగ్లీషు మాటలే ఉన్నా, మెదడులో సంకేతాలు కూడా మేల్కొన్నాయని దీనితో తేలింది.

ప్రస్తుత అవగాహన

2024లో బర్క్‌లీకి చెందిన జాక్ గాలంట్‌తో కలిసి ఫాత్మా డెనిజ్ బృందం చైనీస్, ఇంగ్లీషు వచ్చినవారు కథలు చదువుతుండగా మెదడు స్పందనలను నమోదు చేసింది. అర్థాల అమరిక రెండు భాషల్లోనూ చాలావరకు ఒకటే. చదివే భాషను బట్టి అందులో కొద్దిపాటి మార్పు వస్తుంది. అర్థాలు పూర్తిగా విడిగా ఉంటాయన్న వాదానికి నేడు బలం తగ్గింది.