పధ్నాలుగు చక్రాల ఊరు: ఫోర్డర్న్‌బెర్గ్ ఇనుప పరిశ్రమ – ఒక చారిత్రక పరిశీలన

ఆస్ట్రియా దేశంలోని స్టైరియా రాష్ట్రంలో, లియోబెన్ జిల్లాకు చెందిన చిన్న ఊరు ఫోర్డర్న్‌బెర్గ్. సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో ఒక కొండవాగు వెంట పొడవుగా సాగిన ఊరు. నేటి జనాభా వెయ్యికి అటూ ఇటూ. ఊరి పేరుకు ‘కొండకు ముందున్నది’ అని అర్థం. ఆ కొండ ఎర్ట్స్‌బెర్గ్, అంటే ఖనిజపు కొండ. కొండకు ఆవలి పక్కనున్న ఐజెన్‌ఎర్ట్స్ పట్టణానికి పూర్వనామం ఇన్నర్‌బెర్గ్. ‘కొండకు లోపలిది’ అని దాని అర్థం. ఒకే కొండను రెండు వైపులనుండి తవ్వుకున్న రెండు ఊళ్లు అవి. వాటిలో ఒకటి నేటికీ గని పట్టణంగా మిగిలింది. రెండవదానికి పాత కొలుములు మాత్రమే మిగిలాయి.

కోక్ బొగ్గు వచ్చి కర్రబొగ్గును ఓడించింది కాబట్టి ఫోర్డర్న్‌బెర్గ్ చల్లారిపోయిందన్నది సాధారణంగా చెప్పే కారణం. అది అబద్ధం కాదు. అయితే కోక్ రాకకు ఎంతో ముందే ఈ ఊరినుండి ఒక్కొక్కటిగా కొన్ని తరలిపోయాయి. ఆ వరుసను గమనించకపోతే చివరి ఘట్టం అర్థం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మొదట కొండను గురించి కొంత చెప్పాలి. ఎర్ట్స్‌బెర్గ్‌లో దొరికేది సిడరైట్ అనే ఇనుప కార్బొనేటు. అందులో ఇనుము పాలు దాదాపు మూడో వంతు మాత్రమే. కానీ భాస్వరం చాలా తక్కువ, మాంగనీసు కొంత ఎక్కువ. ఇనుమును పెళుసుబార్చేది భాస్వరమే కనుక, పేద ఖనిజమైనా మంచి ఉక్కునిచ్చేది. మధ్యయుగాల ఆరంభంలో ఈ ఖనిజాన్ని కొండవాలుల మీదే, చిన్న చిన్న కొలుములలో కరిగించేవారు. 13వ శతాబ్దంలో నీటిచక్రంతో తిత్తులను నడిపే పద్ధతి వచ్చింది. దానితో కొలుములు కొండ దిగి వాగు ఒడ్డుకు చేరాయి. ఊరు పుట్టింది అలాగే. చక్రం ఎంత ముఖ్యమైనదంటే, కొలిమికే ‘రాడ్‌వెర్క్’, అంటే చక్రపు కర్మాగారం అనే పేరు స్థిరపడింది. దాని యజమాని ‘రాడ్‌మైస్టర్’, చక్రానికి అధిపతి. ఫోర్డర్న్‌బెర్గ్‌లో ఇటువంటివి పధ్నాలుగు. వాటిని వరుస సంఖ్యలతోనే పిలిచేవారు. ఇప్పటికీ చరిత్రకారులు ‘రెండవ రాడ్‌వెర్క్’, ‘నాలుగవ రాడ్‌వెర్క్’ అనే వ్యవహరిస్తారు.

కొండ పంపకం విచిత్రంగా జరిగింది. నిలువుగా చీల్చకుండా, ఒక మట్టానికి పైభాగం ఫోర్డర్న్‌బెర్గ్‌కు, కిందిభాగం ఇన్నర్‌బెర్గ్‌కు అని అడ్డంగా గీత గీశారు. ఇందులో తర్కం లేకపోలేదు. రెండు ఊళ్ల మధ్య ప్రేబిష్ల్ కనుమ ఉంది. కొండ కింది భాగంలో తవ్విన రాయిని కనుమ దాటించాలంటే ముందు పైకి మోయాలి. పైభాగంలో తవ్వినదైతే ఎక్కువ ఎక్కుడు లేకుండా కనుమకు చేరుతుంది, ఆపైన అంతా దిగుడే.

పాత కొలిమిలో ఇనుము ద్రవంగా కారేది కాదు. ఖనిజం, కర్రబొగ్గు పొరలు పొరలుగా వేసి గంటల తరబడి ఊదితే అడుగున మెత్తని ముద్దగా కూడుకునేది. అనేక వందల కిలోల బరువుండే ఆ ముద్దను కొలిమి ముందు గోడ పగలగొట్టి లాగేవారు. మళ్లీ గోడ కట్టి, మళ్లీ నిప్పు వేసేవారు. 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో ద్రవ ఇనుమునిచ్చే ఎత్తైన కొలుములు వచ్చాక ఈ పగలగొట్టడం పోయింది, నిప్పు ఆరకుండా వారాల తరబడి మండసాగింది. ఫలితంగా బొగ్గు ఆకలి మరింత పెరిగింది. చుట్టుపక్కల అడవులను కరిగింపు కోసమే ప్రత్యేకించారు. ఇనుమును సాగగొట్టే సుత్తి కర్మాగారాలకు కూడా బొగ్గు కావాలి గనుక వాటిని దూరపు లోయలకు నెట్టివేశారు. కాబట్టి ఫోర్డర్న్‌బెర్గ్‌లో తయారైనది ముడి ఇనుమే. కొడవళ్లు, కత్తులు, మేకులు మరెక్కడో తయారయ్యేవి.

అమ్మకం కూడా ఈ ఊరి చేతిలో లేదు. 1314లో ఫ్రీడ్రిఖ్ ప్రభువు ఫోర్డర్న్‌బెర్గ్ ముడి ఇనుము వ్యాపారంపై గుత్తహక్కును లియోబెన్ పట్టణానికి ఇచ్చాడు. కరిగించినవాడు ఒకరు, లాభం తీసినవాడు మరొకరు. లియోబెన్ వర్తకుల సంపదకు మూలం ఇదే. 18వ శతాబ్దం చివర జోసెఫ్ చక్రవర్తి సంస్కరణలతో ఈ కట్టుబాట్లు సడలేవరకు పరిస్థితి సారాంశంలో మారలేదు. అంటే ఫోర్డర్న్‌బెర్గ్ మొదట పోగొట్టుకున్నది వ్యాపారాన్ని. నిజానికి దాన్ని ఎన్నడూ పూర్తిగా పొందనేలేదు.

ఇన్నర్‌బెర్గ్ వైపు 1625లోనే కొలిమి యజమానులను, సుత్తి యజమానులను, వర్తకులను కలిపి ఒకే పెద్ద సంఘంగా మార్చారు. ఫోర్డర్న్‌బెర్గ్ యజమానులు మాత్రం మరో రెండు శతాబ్దాలు విడివిడిగానే ఉన్నారు. కొండమీద ఎవరి గోతులు వారివి, ఎవరి దారులు వారివి. దీన్ని వెనుకబాటుతనంగా చిత్రించడం పరిపాటి. పధ్నాలుగు కుటుంబాలు అంతకాలం తమ నిప్పును తామే కాపాడుకోగలగడం సామాన్య విషయం కాదని కూడా గుర్తించాలి.

ఈ స్థితిని మార్చినవాడు రాజవంశీకుడు, ఆర్చ్‌డ్యూక్ యోహాన్ (1782–1859). చక్రవర్తి ఫ్రాంజ్‌కు తమ్ముడు. నెపోలియన్‌కు వ్యతిరేకంగా టిరోల్ తిరుగుబాటుకు ప్రయత్నించాడన్న కారణంగా ఆ ప్రాంతంలో అడుగు పెట్టకుండా నిషేధానికి గురై, స్టైరియాను తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నాడు. 1811లో గ్రాజ్‌లో యోవనేయమ్ అనే విజ్ఞాన సంస్థను స్థాపించాడు. 1815–16లో ఇంగ్లండు వెళ్లి అక్కడి కర్మాగారాలను చూశాడు. 1822లో ఫోర్డర్న్‌బెర్గ్‌లోని రెండవ రాడ్‌వెర్క్‌ను కొని, తానే ఒక రాడ్‌మైస్టర్ అయ్యాడు. చక్రవర్తి తమ్ముడు ఊరి కొలిమి యజమానుల్లో ఒకడిగా కూర్చోవడం ఆనాటికి చిన్న సంగతి కాదు. ఆయన చొరవతో 1829లో యజమానులలో అత్యధికులు ఒక సమాఖ్యగా ఏర్పడ్డారు. కరిగింపు ఎవరికి వారే; తవ్వకం మాత్రం ఉమ్మడి. తరువాతి రెండు దశాబ్దాలలో గుర్రాలు లాగే పట్టాల బండ్లతో ఖనిజాన్ని కొండనుండి ఊరికి చేర్చే ఏర్పాటు జరిగింది. ఫోర్డర్న్‌బెర్గ్ చరిత్రలో అత్యుత్తమ కాలం ఇదే.

ఆ కాలపు ఫలమే గనుల పాఠశాల. 1840లో ఇక్కడ ప్రారంభమైన ఆ సంస్థకు ఆచార్యుడు పీటర్ టున్నర్ (1809–1897). పుస్తక పాఠంతోపాటు విద్యార్థి స్వయంగా నిప్పు దగ్గర నిలబడాలన్నది ఆయన పద్ధతి. ఇందుకోసం కట్టిన బోధనా కొలిమి ఇప్పటికీ ఊరిలో ఉంది. కానీ 1849లో పాఠశాల లియోబెన్‌కు మారింది. అదే నేటి లియోబెన్ గనుల విశ్వవిద్యాలయం. అప్పటికి కొలుములు జోరుగానే మండుతున్నాయి కనుక ఈ తరలింపును చరిత్రలు ఒక వాక్యంలో దాటవేస్తాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో అసలైన మలుపు ఇదే. కొత్త పద్ధతులను వెతికే బుద్ధి లోయ కిందికి దిగిపోయింది. పాత పద్ధతిని నడిపే చేతులు పైన మిగిలాయి.

ఆపైన జరిగినది వేగంగా జరిగింది. 1872లో లియోబెన్ నుండి ఫోర్డర్న్‌బెర్గ్‌కు రైలు వచ్చింది. 1881లో ఆస్ట్రియా ఆల్ప్స్ ప్రాంతపు ఇనుప సంస్థలు అనేకం కలిసి ఆల్పైన్ మోంటాన్ సంస్థ ఏర్పడింది. 1891లో రెండు సంఘటనలు జరిగాయి. లియోబెన్ పక్కనున్న డోనావిట్స్‌లో కోక్‌తో నడిచే కొలిమి వెలిగింది. ఐజెన్‌ఎర్ట్స్ నుండి ప్రేబిష్ల్ కనుమ మీదుగా ఫోర్డర్న్‌బెర్గ్‌కు పళ్లపట్టాల రైలుమార్గం తెరుచుకుంది. ఊరికి వరంగా కనిపించిన ఆ రైలు ఖనిజాన్ని ఊరి కొలుముల ముందునుంచే డోనావిట్స్‌కు మోసుకుపోయింది. నాలుగవ రాడ్‌వెర్క్ 1911లో ఆగిపోయింది. 1920ల ఆరంభానికి మిగిలినవీ చల్లారాయి.

తెలుగు పాఠకులకు డోనావిట్స్ పేరు తెలియకపోయినా దాని మొదటి అక్షరం తెలుసు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉక్కు తయారయ్యే ఎల్.డి. కన్వర్టర్ల పేరులో ‘ఎల్’ లింజ్ నగరం, ‘డి’ డోనావిట్స్. ద్రవ ఇనుముపై స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఊదే ఈ పద్ధతి 1952లో లింజ్‌లోను, 1953లో డోనావిట్స్‌లోను ఉత్పత్తికి వచ్చింది.

ప్రేబిష్ల్ దారికి మరొక చరిత్ర ఉంది. 1945 ఏప్రిల్‌లో హంగరీ యూదులను మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరం వైపు ఈ మార్గంలోనే నడిపించారు. ఏప్రిల్ 7న కనుమ వద్ద స్థానిక సాయుధ దళాల వారు రెండు వందల మందికి పైగా కాల్చి చంపారు. చాలాకాలం మౌనం తరువాత 2004లో అక్కడ స్మారకం వెలిసింది. ఇనుము దారి గురించి రాసేవారు దీన్ని వదిలి రాయడం న్యాయం కాదు.

1988లో కనుమ మీది ప్రయాణికుల రైలు ఆగింది. నాలుగవ రాడ్‌వెర్క్ కొలిమి, దాని యంత్రాలతో సహా ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. మూడవ రాడ్‌వెర్క్ ఆవరణలో ఖనిజాన్ని వేపిన పాత ఆవాల అవశేషాలు చూడవచ్చు. 2014లో ఊరి అంచున, దేశంనుండి పంపివేయవలసిన విదేశీయులను ఉంచే నిర్బంధ కేంద్రం తెరిచారు. ఉపాధి వస్తుందన్న ఆశతో ఊరి పాలకవర్గం దాన్ని స్వాగతించింది.