మజిలీ మజిలీకో చావు కబురు

1986 అక్టోబరు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ పక్కనే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. నెట్‌వర్క్ లెక్కలో రెండే మజిలీలు. సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన ఆ దారిలో వేగం 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు ఐదు ఇంగ్లిష్ అక్షరాలు. తీగ తెగలేదు. రద్దీ. ఆ రద్దీ గుట్టు పట్టి, మైక్ కారెల్స్‌తో కలిసి దానికి మందు కనిపెట్టినవాడు వాన్ జేకబ్సన్. దాన్ని వివరించే పరిశోధన పత్రం 1988లో వచ్చింది. నాకు మాత్రం ఆ రోజుల్లోనే ఆయన రాసిన చిన్న ప్రోగ్రాం మీద మక్కువ ఎక్కువ. దాని పేరు ట్రేస్‌రూట్.

అవతలి కంప్యూటర్ జవాబిస్తోందో లేదో చూసే పింగ్ అప్పటికే ఉంది. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ 1983 డిసెంబరులో ఒక్క సాయంత్రం కూర్చుని రాసిన వెయ్యి పంక్తుల ప్రోగ్రాం అది. జలాంతర్గాముల్లో సోనార్ చేసే చప్పుడే దాని పేరయింది. దాని గురించి మూస్ ఒక కథ చెప్పాడు. ఒక ఆఫీసులో నెట్‌వర్క్ ఉండుండి ఆగిపోతోంది. అక్కడి ఉద్యోగి పింగ్ జవాబులను స్టీరియోకు కలిపి, ‘పింగ్, పింగ్’ అని సెకనుకోసారి గట్టిగా అరిచేలా చేశాడు. ఆ తర్వాత భవనమంతా తిరుగుతూ ఒక్కో కనెక్టరూ కదిపి చూశాడు. ఏది కదిపితే అరుపు ఆగిందో, లోపం అక్కడ!

ఒక భవనమైతే అలా తిరగొచ్చు. పది ఊళ్లు దాటే దారిలో ఏం చేస్తాం? జవాబు రాలేదని పింగ్ చెబుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. అది చెప్పేదే ట్రేస్‌రూట్.

నెట్‌వర్క్‌లో బయల్దేరే ప్రతి ప్యాకెట్‌కూ నుదుటిన ఆయువు రాసి ఉంటుంది. గరిష్ఠంగా 255. దారిలో ప్రతి రూటరూ అందులో ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే ప్యాకెట్‌ను అక్కడే పారేసి, పంపినవారికి కబురు చేస్తుంది. దారితప్పిన ప్యాకెట్లు కలకాలం గుండ్రంగా తిరగకూడదని పెట్టిన నియమమిది. ఆ చావు కబురు మీద రూటర్ చిరునామా ఉంటుందని గమనించడంలోనే ఉంది తెలివంతా. ఆయువు 1 వేసి పంపితే మొదటి మజిలీ బయటపడుతుంది. 2 వేస్తే రెండోది. ఒక్కో మజిలీకి మూడేసి ప్యాకెట్లు, పక్కన మిల్లీసెకన్లలో సమయం. గమ్యానికి చేరాక ఎలా తెలుస్తుంది? ఎవరూ వాడరనుకున్న 33434 నుంచి మొదలయ్యే పోర్టుల తలుపు తడతారు. ‘ఇక్కడ అలాంటి గది లేదు’ అని గమ్యమే జవాబిస్తుంది.

ఈ రోజుకీ హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని ట్రేస్‌రూట్ అనే ఆ ఒక్క పదం, పక్కన ఒక వెబ్‌సైట్ పేరు టైప్ చేస్తే, ప్యాకెట్ దాటిన రూటర్లు వరుసగా కనిపిస్తాయి. మధ్యలో మూడు నక్షత్రాలు వస్తే కంగారు పడనక్కర్లేదు. కొన్ని రూటర్లు చావు కబురు చెప్పవు, ఆయువున్న ప్యాకెట్లను మాత్రం ముందుకు పంపిస్తాయి. ఆ తర్వాతి పంక్తులూ అన్నీ నక్షత్రాలే అయితే అప్పుడు అనుమానించాలి.

దారి సమస్య ఒకటి వెతుకుతూ, 48 గంటలు నిద్ర లేకుండా ఉన్నప్పుడు ఈ ప్రోగ్రాం పుట్టుకొచ్చిందని జేకబ్సన్ ఆ కోడ్ మొదట్లోనే రాసుకున్నాడు. దీన్ని చూసి కోడ్ రాయడం నేర్చుకోవద్దని కూడా హెచ్చరించాడు. ఆలోచన తనది కాదని, స్టీవ్ డీరింగ్ దగ్గర తీసుకున్నానని చెప్పాడు. గై ఆల్మెస్, మ్యాట్ మాథిస్‌లకూ అదే ఆలోచన ఉందని తర్వాత తెలిసి, వాళ్ల పేర్లూ చేర్చాడు. ముందు ఎవరికి తట్టిందన్నది తనకు పట్టదని, వాళ్లు దాన్ని దాచుకోనందుకు సంతోషమని రాశాడు.