బూడిద రంగు కాళ్లు, కొవ్వు గోడ



జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల తండాల నుంచి హాస్టల్‌కి వచ్చిన మాకు చలికాలమంటే భయం. మోకాళ్ల కింద బూడిద పూసినట్టు తెల్లగా అవుద్ది, మడమలు పగుల్తాయి. ఒకసారి క్లాసులో "మీరు స్నానం చెయ్యరా?" అని నవ్వారు. మేము తల దించుకున్నాం. రోజూ సబ్బుతో రుద్దుకునే వాళ్లమే. తర్వాత చదివితే తెలిసింది: అది మురికి కాదు, చర్మంలోంచి నీళ్లు పోవడం. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకి కొవ్వు లేని తిండి పెట్టి చూశారు. వాటి చర్మం పొలుసులు కట్టింది, నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగాయి. తాగిన నీళ్లు చర్మంలోంచే ఆవిరైపోతున్నాయని తర్వాత తేలింది. 1930లో ఆ దంపతులే లినోలిక్ ఆమ్లం ఇస్తే ఎలుకలు కోలుకుంటాయని చూపించారు. మన ఒళ్లు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

1952లో ఇర్విన్ బ్లాంక్ ఎండిపోయిన చర్మం ముక్కని నూనెలో నానబెట్టాడు. మెత్తబడలేదు. నీళ్లు తగిలితేనే మెత్తబడింది. అంటే మెత్తదనం నీళ్లది, ఆ నీళ్లని పోకుండా ఆపడం కొవ్వు పని.

ఎలా ఆపుద్ది? 1975లో మైకేల్స్, ఆ తర్వాత పీటర్ ఎలియాస్ చర్మం పైపొరని ఇటుక గోడతో పోల్చారు. చచ్చిన కణాలు ఇటుకలు. మధ్యలో అడుసు కొవ్వు: సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. సెరమైడ్ల తోకలు తిన్నగా ఉంటాయి, వరిగడ్డి మోపు బిగించి కట్టినట్టు దగ్గరగా సర్దుకుంటాయి. నీటికి దారి దొరకదు. అన్నిటికన్నా పొడవైన సెరమైడ్లకి లినోలిక్ ఆమ్లం అతుక్కుని ఉంటుంది. అది దొరక్కపోతే ఆ చోట ఓలిక్ ఆమ్లం చేరుద్ది, గోడ కారుద్ది. సబ్బు ఎక్కువైనా ఈ అడుసే కరిగిపోద్ది.

ఇది మన దగ్గరి కథ కూడా. పేద పిల్లల మోచేతులు, మోకాళ్లు కప్ప చర్మంలా గరుకెక్కే జబ్బుని ఫ్రైనోడెర్మా అంటారు. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే హైదరాబాద్ పరిశోధనాలయంలో 1960ల్లో దాని మీద పని చేశారు. కుసుమ నూనె లాంటివి, బి విటమిన్లు ఇస్తే చర్మం బాగుపడింది. అంటే ఆ గరుకు పిల్లల తప్పు కాదు, కంచంలో లోటు.

అందుకే ఒక మాట. కూరలో కాస్త నువ్వుల నూనో, పొద్దుతిరుగుడు నూనో, వేరుశనగ నూనో పడాలి, వాటిలో లినోలిక్ ఆమ్లం ఉంటుంది. కొబ్బరి నూనెలో అది చాలా తక్కువ, కానీ స్నానం చేశాక తడి ఆరకముందే రాస్తే ఒంట్లో నీళ్లని కొంత ఆపుద్ది. మా యాడి చిన్నప్పుడు నీళ్లు పోసి వెంటనే నూనె రాసేది. ఆమె ఏ పుస్తకం చదవలేదు.

ఈసారి ఎవరైనా మన తమ్ముడి కాళ్లు చూసి నవ్వితే తల దించుకోవద్దు. కూర్చోబెట్టి ఈ గోడ కథ చెప్పండి.