బోదకాలు – దోమ – సూక్ష్మజీవి

ద్రాక్షారామము పేరు చెప్పగానే భీమేశ్వరాలయమును, సప్తగోదావరమును, శ్రీనాథుని భీమేశ్వరపురాణమును తలపునకు వచ్చును. ఆలయమున వందలకొలది శాసనములు కలవు. ఏ రాజు ఏ దానము చేసెనో, ఏ పుణ్యాత్మురాలు అఖండదీపమునకై ఎన్ని గొఱ్ఱెల నిచ్చెనో అవి చెప్పును. కాని రాజుల చరిత్రకు శాసనములున్నట్లు రోగముల చరిత్రకు లేవు. గోదావరి మండలమును తరతరములుగా పీడించిన బోదకాలు కథను మనము వైద్యశాస్త్రమునుండియే ఏరుకొనవలెను.

బోదకాలు వెంటనే ప్రాణము తీయు రోగము కాదు. చలిజ్వరము వచ్చును, గజ్జలలో బిళ్ల కట్టును, తగ్గిపోవును, మరల వచ్చును. ఏండ్లు గడచిన కొలది కాలు వాచి, ఆ వాపు నిలిచిపోవును. కాలు బరువెక్కిన కూలివాడు చేనికి పోలేడు. కన్నెపిల్లకు వచ్చినచో కుదిరిన సంబంధము తప్పిపోయెడిది. పూర్వజన్మ పాపమనియు, ఊరి నీటి గుణమనియు జనులు సరిపెట్టుకొనెడివారు.

అసలు కారణము పందొమ్మిదవ శతాబ్దమున తేలినది. 1872లో కలకత్తాలో లూయిస్ అను వైద్యుడు రోగుల రక్తమున కంటికి కానరాని పిల్లపురుగులను చూచెను. 1876లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్టు నూలుపోగువంటి తల్లిపురుగును కనుగొనెను. మరుసటి యేడు చైనాలో మాన్సన్ ఆ పిల్లపురుగులు దోమ కడుపున పెరుగుచున్నవని చూపెను. సికిందరాబాదులో రొనాల్డు రాస్ మలేరియా రహస్యమును ఛేదించినది ఆ తరువాత ఇరువదియేండ్లకు, 1897లో. ఈ పిల్లపురుగులు రాత్రివేళనే రక్తమున సంచరించును. ఫైలేరియా ఉద్యోగులు రాత్రులందు ఇంటింటికి వచ్చి వ్రేలినుండి రక్తము తీయుటకు కారణ మిదియే.

ఈ రోగమును మోయునది క్యూలెక్స్ దోమ. అది పారు నీటిని గాక, నిలిచిన మురికినీటిని కోరును. 1847లో ప్రారంభించి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్టను పూర్తిచేసెను. డెల్టా అన్నపూర్ణ ఆయెను, ఊళ్లు పెరిగెను. కాని నీటిని చేలకు తెచ్చుటలో చూపిన శ్రద్ధ, వాడిన నీటిని ఊరు దాటించుటలో చూపబడలేదు. ఆ లోపమే దోమకు వరమైనది.

మందు విషయమున గోదావరి సీమకు ఒక గర్వకారణము కలదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదువుకొనిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకుడై యుండగా, 1947లో ఆయన బృందము డైఇథైల్ కార్బమజైనును వెలువరించెను. రక్తములోని పిల్లపురుగులను సంహరించు మందు అదియే. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసెను. ఆ మందు మాత్రము నేటికిని మన ఇండ్లకు వచ్చుచునే యున్నది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. రాజమహేంద్రవరమున శిక్షణ పరిశోధన కేంద్రము వెలసినది. తొలుత ఇండ్లలో డి.డి.టి. చల్లిరి, జనులకు మందు పంచిరి. క్యూలెక్స్ దోమ డి.డి.టి.కి లొంగలేదు. అందుచే 1961 తరువాత పట్టణములలో దోమను నీటిలోనే, పిల్లగా ఉన్నపుడే చంపు మార్గము నవలంబించి, మురికి గుంటలపై నూనె చల్లసాగిరి.

ఇచట కథలోనికి సూక్ష్మజీవి ప్రవేశించును. 1901లో జపానులో ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులు హఠాత్తుగా కూలిపోవుటకు ఒక సూక్ష్మజీవి కారణమని గుర్తించెను. నాడది పట్టు రైతుకు శత్రువు. 1911లో జర్మనీలోని థురింజియాలో పిండిపురుగునుండి దానినే బెర్లినర్ వేరుచేసి, 1915లో బాసిల్లస్ థురింజియెన్సిస్ అని నామకరణము చేసెను. 1938లో ఫ్రాన్సున అది పంటపురుగుల మందుగా అమ్మకమునకు వచ్చెను. దక్షిణ అమెరికాలో ఆకులు కత్తిరించి పుట్టలకు మోయు చీమలపైనను దీనిని పరీక్షించి చూచిరి. దోమను చంపు రకము మాత్రము 1976లో, ఇస్రాయేలులోని నెగెవ్ ఎడారి మడుగున లభించినది.

దీని పని తీరు విచిత్రము. బీజరూపము ధరించునపుడు ఈ సూక్ష్మజీవి తనలో ఒక ప్రోటీను స్ఫటికమును నిర్మించుకొనును. దోమపిల్ల దానిని ఆహారమని మ్రింగును. క్షారగుణము గల దాని ప్రేగులో స్ఫటికము కరగి విషమై, ప్రేగు గోడను చీల్చును. ఒక దినములోనే పిల్ల చచ్చును. మనుష్యుని కడుపు ఆమ్లమయము. ఆ విషము అంటుకొను తావులును మన ప్రేగులందు లేవు. చేపలకును హాని లేదు.

దీనికి బంధువైన బాసిల్లస్ స్ఫెరికస్ మురికినీటిలో ఎక్కువ కాలము నిలుచును. కనుక క్యూలెక్స్ దోమకు తగిన విరోధి. 1975లో ఏర్పడిన పుదుచ్చేరి రోగవాహక నియంత్రణ పరిశోధన కేంద్రము ఇట్టి సూక్ష్మజీవులపై విశేష కృషి చేసినది. అయినను విజయము సంపూర్ణము కాలేదు. కొచ్చిలో స్ఫెరికస్‌ను వరుసగా చల్లగా, అచటి దోమలు దానికి అలవాటుపడినవని 1995లో వెల్లడియైనది. స్ఫెరికస్‌కు ప్రధానాయుధ మొక్కటే. ఇస్రాయేలు రకమునకు నాలుగు. అందుచే రెండవదానికి దోమ అంత సులభముగా అలవాటుపడదు. ఒకే బాణమును పదేపదే వేసినచో శత్రువు తప్పించుకొను విద్య నేర్చుననుటకు డి.డి.టి. తరువాత ఇది రెండవ నిదర్శనము.

2004 నుండి దేశవ్యాప్తముగా ఏటేట సామూహికముగా మందు పంచుచున్నారు. 2027 నాటికి ఈ రోగమును నిర్మూలింపవలెనని భారత ప్రభుత్వము గడువు పెట్టుకొనినది. సుబ్బారావుగారి మందు రక్తములోని పురుగును, ఎడారి మడుగు సూక్ష్మజీవి గుంటలోని దోమపిల్లను చంపగలవు. కాని పెరటి మురుగుకు దారి చూపుట, మరుగుదొడ్డి గొట్టమునకు వల కట్టుట, పంచిన మాత్రను పారవేయక మ్రింగుట గృహస్థుల చేతిలోని పనులు. కాటన్ నాడు మిగిలిపోయిన ఆ సగము పని మన ఇంటి వెనుకనే యున్నది.