వెదురు, నీరు, పొగ

వెదురునకు శత్రువును ఆకర్షించు వస్తువు వెదురులోనే ఉన్నది. కణములలో నిలువయుండు పిండిపదార్థమునకై చిన్న పురుగు బొంగును తొలిచి, పొడి చేసి రాల్చును. శుద్ధిచేయని వెదురు నేలలో పాతినచో ఒకటి మొదలు మూడేండ్లు, కప్పు క్రింద నాలుగు మొదలు ఏడేండ్లు మాత్రమే నిలుచును. అస్సాములో ఇది చిన్న సంగతి కాదు. 1897 జూన్ 12 నాటి భూకంపమున ఇటుక, రాతి కట్టడములు కూలినపిమ్మట, తేలిక చట్రము, రెల్లు తడికలు, మట్టిపూత గల ఇండ్లకే అచ్చట ఆదరణ హెచ్చెను. భూకంపమునకు నిలిచిన గోడ పురుగునకు లొంగినచో ఏమి ప్రయోజనము?

అస్సాము రైతు పురుగును చంపబూనలేదు. దాని ఆహారమునే తీసివేసెను. జాతి, భలుకా అను వెదుళ్లలో మూడు నాలుగేండ్ల ముదురు బొంగులను ఎంచి, చలికాలమున నరికి, చెరువులోనో వాగులోనో బరువులు పెట్టి ముంచుదురు. కొన్ని వారములు, ఒక్కొక్కచోట రెండు మూడు నెలలు, అవి అట్లే ఉండును. చక్కెరలు నీట కరగిపోవును. పిండిపదార్థము పులిసి క్షీణించును. నీరు నల్లబడి దుర్గంధము కొట్టును. ఆ వాసనకు ముక్కు మూసికొనువాడు వెదురింట కాపురముండుటకు తగడేమో! పిమ్మట బొంగులను నీడన నిలువుగా ఆనించి ఆరబెట్టుదురు. ఎండలో వేసినచో పగులును.

నరకుటకు కృష్ణపక్షమును ఎన్నుకొను ఆచారమును కలదు. చంద్రుని ప్రభావమెట్లున్నను, చలికాలపు నియమము యుక్తమైనదే: అప్పుడు పురుగుల సంచారము తక్కువ, బొంగులో తడియు తక్కువ.

కొండలలోని నాగా ఇండ్లయందు ఆ పని పొగ చేయును. పొయ్యి మీది అటకపై ఉంచిన బుట్టలు ఏండ్ల తరబడి పొగచూరి నల్లని మెరుపు తేలును.

అయినను నేలలో పాతిన స్తంభమును చెదనుండి, కుళ్లునుండి నీరు గాని పొగ గాని చిరకాలము కాపాడజాలవు. ఆ కొరతను తీర్చినవాడు తెలుగువాడు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణముల మిశ్రమమును కనిపెట్టెను. అది దేశదేశముల కొయ్యను కాపాడినది. కాని అందలి ఆర్సెనిక్ విషము; ఆ కొయ్యను కాల్చినను బూడిదలో మిగులును. ఇండ్ల వాడుకకు దానిని తయారుచేయుట అమెరికాలో 2003 చివర నిలిచిపోయినది.

ఇటీవల వెదురును బోరాక్సు, బోరికామ్లముల ద్రావణమున నానబెట్టుట వ్యాపించినది. ఇది మనుష్యునకు అంత హాని చేయదు. కాని వానలో తడిసినచో కరగిపోవును. అందుచే చూరును వెడల్పుగా దింపి, స్తంభపు మొదలు మట్టికి తగులకుండ రాతి దిమ్మెపై నిలుపుట నేటికిని తప్పదు.