ఫ్లైవీలు – దాని బరువు



కుమ్మరి సారెను మీరెల్లరును చూచియుందురు. కుమ్మరి దానిని కఱ్ఱతో నాలుగు మారులు బలముగా త్రిప్పి, కఱ్ఱను ప్రక్కన బెట్టి, చేతులు రెండును మట్టిపై నుంచును. సారె మాత్రము తిరుగుచునే యుండును. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలయందు దీనినే దృష్టాంతముగా గైకొనెను. జ్ఞానము కలిగిన పిమ్మటను పూర్వసంస్కారబలముచే దేహము కొంతకాలము నిలుచుట, త్రోపు మానిన తరువాతను చక్రము తిరుగుట వంటిదని యాతని తాత్పర్యము. ఇంజనులోని సారెకు ఫ్లైవీలని పేరు. నేటి యువకులు కొందఱు తమ కార్ల వేగము కొఱకు దాని బరువును తగ్గించుచున్నారు. అది ఎంతవఱకు తగునో తెలియవలెనన్నచో, ఆ బరువు అక్కడికేల వచ్చెనో మొదట తెలిసికొనవలెను.

ఆవిరియంత్రములో పిస్టను ముందునకును వెనుకకును పోవును. దానిచే చక్రమును త్రిప్పింపవలెనని ఇంగ్లండులో పలువురు యత్నించిరి. 1780లో జేమ్సు పికార్డు క్రాంకు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ దారి మూసికొనిపోగా జేమ్సు వాటు 1781లో, ఒక పండ్ల చక్రము చుట్టును మఱియొకటి తిరుగునట్టి సూర్యగ్రహపు అమరికను పేటెంటు చేసికొనెను. పద్ధతి యేదైనను, పిస్టను రెండు కొసలకును చేరినపుడు త్రోపు ఉండదు. ఆ క్షణమున యంత్రమును దాటించునది పెద్ద ఫ్లైవీలే.

1876లో జర్మనీదేశమున నికొలౌసు ఓటో నాలుగు ఊపుల ఇంజనును సిద్ధపఱచెను. అందు ఒక్క ఊపుననే బలము పుట్టును; తక్కిన మూడును దానిని తినునవే. ఒక్కడు సంపాదింపగా ముగ్గురు కూర్చుండి తిను సంసారమున్నట్టు! అట్టి యింట ధాన్యపు గాదె పెద్దదిగా నుండక తప్పదు. అందుచేతనే కార్ల్ బెంజు 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల మోటారుబండిలో, ఒక్క సిలిండరునకు తోడుగా వెనుకవైపున పెద్ద ఫ్లైవీలు పడుకొనబెట్టి అమర్చబడినది. దానిని చేతితో త్రిప్పియే బండిని నడపమొదలిడెడివారు. మన పల్లెలలో నీరు తోడిన లిస్టరు రకపు నూనె ఇంజనులకు ఇరుప్రక్కల నుండిన రెండు బరువైన చక్రములను చూచినవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. నిమిషమునకు సుమారు 650 చుట్లతో, నింపాదిగా, అవి ఆ యింజనును లాగుకొని పోయెడివి.

కాలక్రమమున కార్లకు నాలుగు సిలిండర్లు వచ్చినవి. ఇప్పుడు ప్రతి అరచుట్టునకును ఒక త్రోపు కలదు, సంపాదించువారు నలుగురైరి. గాదె చిన్నదైనను సంసారము సాగును. ఇచ్చటనే పందెగాండ్రకు అవకాశము దొరకినది. ఇంగ్లండున 1959లో వెలువడిన మినీ యను చిన్న కారునకు కూపర్ ఎస్ అను బలిసిన రూపమొకటి కలదు. అది 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటికార్లో పందెమును గెలిచెను. అట్టి కార్లను సవరించు కార్ఖానాలలో ఫ్లైవీలును లేతుపై తరిమి తేలికచేయుట మామూలు పని యయ్యెను.

అందలి లాభమెంత? లెక్కవేసి చూతము. ఇరుసునుండి 12 సెంటీమీటర్ల దూరమున 3 కిలోల లోహము తీసివేసితిమనుకొనుడు. కారు చక్రపు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లు. మొదటి గేరులో చక్రమొక్కమారు తిరుగుటకు ఇంజను 13 మారులు తిరుగుననుకొందము. అపుడు వేగము పుంజుకొనుటలో కలుగు ఫలము, కారునుండి సుమారు 81 కిలోల మనిషిని దింపినదానితో సమానము. పై గేరులో 4 మారులే తిరుగునెడల, అదే 3 కిలోల ఫలము 8 కిలోలకును తక్కువ. ఇది గేరు సంఖ్యయొక్క వర్గమును బట్టి మాఱును. లోహమును అంచునుండి కాక సగము దూరమునుండి తీసినచో ఫలము నాల్గవవంతే. మఱియు ఇంజను బలము వీసమంతయు పెరుగదు. కారుయొక్క తుదివేగమును మాఱదు. ఈ మాటను అమ్మువాడు సాధారణముగా చెప్పడు.

ఇక నష్టము. గాదె తఱుగుటచే నిలిచియున్న కారును కదల్చునపుడు ఇంజను ఆగిపోవును. క్లచ్చిని మెల్లగా వదలుచు, పెట్రోలు ఎక్కువ యీయవలసివచ్చును. ఊరకున్నపుడు ఇంజను వణకును. పందెపు దారిలో గేరు మార్చుటకు చుట్లు త్వరగా తగ్గుట మేలే గాని, సంతనాడు బండ్ల నడుమ నిలుచుచు కదలుచు పోవువానికి ఆ మేలు అక్కఱకు రాదు. ఇంటివారిని ఎక్కించుకొని తిరుగు కారునకు పైన చెప్పిన 3 కిలోలలో సగము తీసిన చాలునని నా యభిప్రాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణభయము. పూర్వము మిల్లుల పోతయినుప ఫ్లైవీళ్ళకు అంచువేగము నిమిషమునకు ఇంచుమించు ఒక మైలు దాటరాదని ఇంజనీర్లు నియమము పెట్టుకొనిరి. 28 సెంటీమీటర్ల అడ్డుకొలతగల కారు ఫ్లైవీలు నిమిషమునకు 7000 చుట్లు తిరిగినచో, దాని అంచు 6 కిలోమీటర్లకు పైగా పరుగెత్తును. అనగా ఆ హద్దునకు దాదాపు నాలుగు రెట్లు. ఆకులు లేని ఒకే బిళ్ళ యగుటచే అది తట్టుకొనుచున్నది. చుట్లు రెట్టింపైన లోపలి లాగుడు నాలుగింతలగును. పోతయినుమునకు సాగు గుణము లేదు. పగిలినచో ముక్కలై తుపాకి గుండ్లవలె ఎగయును. అవి ఎగయునది తోలువాని పాదముల సమీపమున. కావున పాత పోతయినుప చక్రమునే పలుచగా తరిమించుట కూడదు. మీ యింటి కుఱ్ఱవాడు ఇందుకై డబ్బడిగినచో, ఆ చక్రము కొట్టి చేసిన ఉక్కుదా, దానిని త్రిప్పి తూకము సరిచూచిరా యని అడుగుడు. అల్యూమినియముదైనచో క్లచ్చి రాచుకొను చోట ఉక్కు బిళ్ళ యుండవలెను.

1980 తరువాతి కార్లలో అనేకములకు రెండు బిళ్ళల నడుమ స్ప్రింగులుగల ఫ్లైవీలు వచ్చినది. దానిని తీసి ఒంటిబిళ్ళ తేలిక చక్రమును బిగించినచో, కారు నిలిచియున్నపుడు గేరుపెట్టెలో గలగలమను శబ్దము వినవచ్చును. కొత్తగా బిగించిన మఱునాడే ఆ శబ్దము విని, కారు చెడినదని మరల మెకానికు వద్దకు పరుగెత్తువారు కలరు.